డిజీ గిలెస్పీ బిగ్‌బ్యాండ్ రికార్డులు: ధ్వనిముద్రణలను చారిత్రక ఆధారాలుగా చదవడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు ఒక గ్రామఫోన్ రికార్డును శాసనాన్నో, దస్తావేజునో పరిశీలించినట్లే పరిశీలించగలగాలి. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధానంతర కాలపు నల్లజాతి సంగీతకారుల పరిస్థితిని, ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో ఆ దేశం సంగీతాన్ని వాడుకున్న తీరును ఒకే ఒక బృందం రికార్డుల ఆధారంగా వివరించగలగాలి. సంగీతశాస్త్ర పరిజ్ఞానం అవసరం లేదు. వినే ఓపిక ఉంటే చాలు.

పరిచయం

చరిత్రకు ఆధారాలు అనగానే మనకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ దస్త్రాలు గుర్తుకు వస్తాయి. ఇరవయ్యో శతాబ్దంలో వీటికి ధ్వనిముద్రణ తోడైంది. శాసనాన్ని చదివేటప్పుడు మనం వేసే ప్రశ్నలు మీకు తెలుసు: దీన్ని ఎవరు వేయించారు? ఎవరి ఖర్చుతో? ఎవరు చదవాలని? ఇందులో చెప్పకుండా వదిలేసినదేమిటి? రికార్డును కూడా ఇవే ప్రశ్నలు అడగాలి. చాలామంది అడగరు. రికార్డులో వినిపించేది ఉన్నది ఉన్నట్లుగా ఆ కాలపు సంగీతమే అనుకుంటారు. అది పొరపాటు. ఆ పొరపాటు ఎంత పెద్దదో చూపడానికి ట్రంపెట్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ నాయకత్వంలో వెలువడిన బిగ్‌బ్యాండ్ రికార్డులు మంచి ఉదాహరణ.

జాజ్ గురించి ఎన్నడూ వినని వారి కోసం రెండు మాటలు. బిగ్‌బ్యాండ్ అంటే సుమారు 17 మంది ఉండే వాద్యబృందం. నాలుగైదు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, ఐదు శాక్సోఫోన్లు, వాటి వెనుక లయ నడిపే పియానో, బేస్, డ్రమ్స్, కొన్నిసార్లు గిటారు. మన కచేరీలో కృతి పాడాక విద్వాంసుడు మనోధర్మంతో స్వరకల్పన చేసినట్లే, ఇక్కడ కూడా రాసిపెట్టుకున్న భాగం వాయించాక ఒక్కో విద్వాంసుడు లేచి అప్పటికప్పుడు కల్పించి వాయిస్తాడు. 1930లలో ఇలాంటి బృందాలు వాయించిన సంగీతాన్ని స్వింగ్ అన్నారు. అది నృత్యశాలల సంగీతం. జనం టిక్కెట్టు కొనేది వినడానికి కాదు, ఆడడానికి. 1940లలో కొందరు యువకులు వేగాన్ని, శ్రుతుల సంక్లిష్టతను పెంచి, కూర్చుని వినవలసిన కొత్త ధోరణి తెచ్చారు. దానికి బీబాప్ అని పేరు. ఇది నలుగురైదుగురు వాయించే చిన్న బృందాల సంగీతంగా పుట్టింది. దాన్ని 17 మందితో వాయించాలన్నది గిలెస్పీ పట్టుదల.

చెరా నుంచి హార్లెమ్‌కు

జాన్ బర్క్స్ గిలెస్పీ 1917 అక్టోబరు 21న దక్షిణ కరోలినా రాష్ట్రంలోని చెరా అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తొమ్మండుగురు పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి తాపీ పనివాడు. ఖాళీ దినాల్లో ఊరి బృందం నడిపేవాడు కనుక వాయిద్యాలు ఇంట్లోనే ఉండేవి. గిలెస్పీకి పదేళ్లప్పుడు తండ్రి చనిపోయాడు. కుటుంబం 1935లో ఫిలడెల్ఫియాకు తరలింది. ఉపాధి కోసం, జాతి వివక్ష నుంచి దూరంగా ఉండడం కోసం దక్షిణాది నల్లజాతి కుటుంబాలు ఉత్తరాదికి సాగించిన మహావలసలో ఇదీ ఒక భాగం. 1937లో న్యూయార్క్ చేరి టెడీ హిల్ బృందంలో, 1939 నుంచి క్యాబ్ క్యాలొవే బృందంలో పనిచేశాడు. క్యాలొవే దగ్గర ఉన్నప్పుడే క్యూబా నుంచి వచ్చిన ట్రంపెట్ విద్వాంసుడు మారియో బౌసా పరిచయమయ్యాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. 1941లో వేదిక మీద ఎవరో ఉమ్మి తడిపిన కాగితపు ఉండ విసిరితే, క్యాలొవే ఆ నేరం గిలెస్పీ మీద మోపాడు. మాటామాటా పెరిగి గిలెస్పీ చాకు తీశాడు. ఉద్యోగం పోయింది. ఉండ విసిరినవాడు మరొకడని తరవాత తేలింది.

హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్ అనే క్లబ్బులో రాత్రుళ్లు పని ముగించుకుని వచ్చిన విద్వాంసులు తమ కోసం తాము వాయించుకునేవారు. గిలెస్పీ, పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్, డ్రమ్మర్ కెన్నీ క్లార్క్ వంటివారు కొత్త ధోరణిని సానబట్టిన చోట్లలో ఇది ముఖ్యమైనది. 1943లో ఎర్ల్ హైన్స్ బృందంలో గిలెస్పీ, శాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ పక్కపక్కన కూర్చుని వాయించారు. బీబాప్ ఒక పెద్ద బృందంలో మొదట రూపుదిద్దుకున్నది అక్కడేనని చెబుతారు.

ఇక్కడ చరిత్ర విద్యార్థిగా మీరు ఒక్క క్షణం ఆగాలి. ఆ బృందం ఎలా వాయించిందో మనం వినలేము.

మౌనకాలం: రికార్డింగ్ నిషేధం

1942 ఆగస్టు 1 నుంచి అమెరికన్ సంగీతకారుల సమాఖ్య తన సభ్యులెవరూ రికార్డింగు కంపెనీలకు వాయించరాదని నిషేధం విధించింది. సమాఖ్య అధ్యక్షుడు జేమ్స్ పెట్రిలో వాదన సూటిగా ఉండేది. రేడియోలోను, హోటళ్లలోని నాణెపు గ్రామఫోన్లలోను ఒక రికార్డును వెయ్యిసార్లు వాడుకుంటున్నారు. ప్రతిసారీ ఒక సంగీతకారుడికి పని పోతోంది. కాబట్టి కంపెనీలు సంగీతకారుల నిధికి సొమ్ము చెల్లించాలి. డెక్కా కంపెనీ 1943లో ఒప్పుకుంది. పెద్ద కంపెనీలైన విక్టర్, కొలంబియా 1944 నవంబరు దాకా దిగిరాలేదు.

కార్మికోద్యమ చరిత్రలో ఇది గెలుపు. జాజ్ చరిత్రకారుడికి మాత్రం ఇది ఒక పెద్ద ఖాళీ. 1943 నాటి హైన్స్ బృందం ఒక్క రికార్డు కూడా మిగల్చకుండా పోయింది. 1945లో గిలెస్పీ, పార్కర్ కలిసి చిన్న బృందంతో ఇచ్చిన రికార్డులు బజారులోకి వచ్చినప్పుడు, ఆ సంగీతం ఉన్నట్టుండి ఆకాశం నుంచి ఊడిపడినట్లు శ్రోతలకు అనిపించింది. అందుకే బీబాప్‌ను ఒక ‘విప్లవం’ అనడం అలవాటైంది. నిజానికి అది నాలుగైదేళ్లపాటు మెల్లగా ఎదిగింది. ఆ ఎదుగుదల రికార్డుల్లో లేదు కాబట్టి మనకు విప్లవంలా కనిపిస్తోంది. ఆధారం లేకపోవడాన్ని సంఘటన లేకపోవడంగా పొరబడకూడదన్న సూత్రానికి ఆధునిక చరిత్రలో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

మొదటి ఓటమి, రెండో ప్రయత్నం

1945 వేసవిలో గిలెస్పీ తన మొదటి బిగ్‌బ్యాండ్‌ను ‘హెప్సేషన్స్ ఆఫ్ 1945’ అనే ప్రదర్శనలో భాగంగా దక్షిణాది రాష్ట్రాలకు తీసుకువెళ్లాడు. ప్రసిద్ధ నర్తకులు నికొలస్ సోదరులు ఆ ప్రదర్శనలో ఉన్నారు. వచ్చిన జనం ఆడడానికి వచ్చారు. పొగాకు గిడ్డంగుల్లాంటి చోట్ల పగలంతా పనిచేసి, వారానికొక రాత్రి నృత్యం కోసం డబ్బు ఖర్చు పెట్టే మనుషులకు అంత వేగమైన, మెలికలు తిరిగిన సంగీతం నచ్చలేదు. బృందం విడిపోయింది. శ్రోతలకు తెలియలేదని తరవాతి రచయితలు కొందరు రాశారు. ఆ మాట నేను ఒప్పుకోను. తమకు ఏం కావాలో వారికి బాగా తెలుసు, అది దొరకలేదు.

1946లో మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి న్యూయార్క్ 52వ వీధిలోని స్పాట్‌లైట్ క్లబ్బులో మొదలుపెట్టాడు. స్వరరచనలను బృందానికి అనువుగా కూర్చే పని గిల్ ఫుల్లర్‌ది. మ్యూజిక్రాఫ్ట్ అనే చిన్న కంపెనీ కోసం ఆ ఏడాది జూన్, జూలై, నవంబరు నెలల్లో ముద్రించిన పక్కలే గిలెస్పీ బిగ్‌బ్యాండ్‌కు మొదటి వాఙ్మూలం అనుకోవచ్చు. టాడ్ డామరన్ రాసిన ‘అవర్ డిలైట్’ జూన్‌లోను, ‘థింగ్స్ టు కమ్’ జూలై 9న, ‘ఎమనాన్’ నవంబరులోను వచ్చాయి. చివరిదాని పేరు చిత్రమైనది. ‘నో నేమ్’ అన్న ఇంగ్లీషు మాటలను వెనకనుంచి చదివితే వచ్చేది అదే.

వీటిలో ‘థింగ్స్ టు కమ్’ను వినండి. గిలెస్పీ చిన్న బృందం కోసం రాసుకున్న ‘బీబాప్’ అనే రచనను ఫుల్లర్ 17 మందికి విస్తరించాడు. వేగం ఎంతంటే ట్రంపెట్ వరస కొన్నిచోట్ల అంచు తప్పి జారుతున్నట్లు ఉంటుంది. కొందరు విమర్శకులు దీన్ని లోపం అన్నారు. ఇప్పుడు 1948 ఫిబ్రవరి 28న పారిస్‌లోని సాల్ ప్లెయెల్ మందిరంలో ఇదే రచనను వాయించిన కచేరీ ముద్రణను పక్కన పెట్టి వినండి. జారుడు తగ్గింది, మోత పెరిగింది. రెండేళ్లపాటు రాత్రీపగలూ వాయించిన ఫలితం అది. 1946 రికార్డు ఒక బృందం తనకు అందని దాన్ని అందుకోవడానికి ఎగురుతున్న క్షణం. చరిత్రకారుడికి ఆ అస్థిరతే విలువైనది.

ఇంకో సంగతి. ట్రంపెట్ వరసలోని వారికి ఇంత కఠినమైన సంగీతం వాయిస్తుంటే పెదవులు అలసిపోయేవి. వారికి విరామం ఇవ్వడానికి లయ విభాగం వారు, అంటే పియానో మీద జాన్ లూయిస్, వైబ్రఫోన్ మీద మిల్ట్ జాక్సన్, బేస్ మీద రే బ్రౌన్, డ్రమ్స్ మీద కెన్నీ క్లార్క్, కచేరీ మధ్యలో తామే కొన్ని రచనలు వాయించేవారు. 1952లో బేస్ విద్వాంసుడు మాత్రం మారి ఈ నలుగురి బృందమే మోడర్న్ జాజ్ క్వార్టెట్ అనే పేరుతో స్థిరపడి దశాబ్దాలపాటు సాగింది. పెదవుల నొప్పి నుంచి ఒక సంస్థ పుట్టిందన్నమాట.

చానో పోజో: రెండు రోజుల సాక్ష్యం

1947లో గిలెస్పీ పెద్ద కంపెనీ అయిన విక్టర్‌కు మారాడు. అదే ఏడాది, తన బృందానికి కాంగా డ్రమ్ము వాయించేవాడు కావాలని పాత మిత్రుడు బౌసాను అడిగాడు. బౌసా చూపిన మనిషి చానో పోజో. 1915లో హవానాలో పుట్టి, పేదవాడల్లో పెరిగి, పశ్చిమాఫ్రికా మూలాలున్న అబాక్వా సమాజపు తాళాలు, జపగానాలు ఒంటబట్టించుకున్న వాదకుడు. అతనికి ఇంగ్లీషు రాదు, గిలెస్పీకి స్పానిష్ రాదు. ఇద్దరూ ఎలా మాట్లాడుకునేవారని అడిగితే, ఇద్దరమూ ఆఫ్రికన్ మాట్లాడతామని పోజో తన వచ్చీరాని ఇంగ్లీషులో జవాబు చెప్పేవాడని గిలెస్పీ జీవితాంతం కథగా చెప్పుకున్నాడు. బస్సు ప్రయాణాల్లో పోజో తలా ఒక తాళం నేర్పి అందరిచేతా వాయించేవాడట.

1947 సెప్టెంబరు 29న కార్నెగీ హాలులో జరిగిన కచేరీలో జార్జ్ రసెల్ కూర్పులో ‘క్యూబానో బీ, క్యూబానో బాప్’ మొదటిసారి వినిపించింది. దాన్ని స్టూడియోలో ముద్రించడం డిసెంబరు 22న జరిగింది. అది రెండు పక్కలుగా వెలువడింది. అప్పటి పది అంగుళాల ప్లేటుకు ఒక పక్కన మూడు నిమిషాలకు అటూఇటూగానే పట్టేది. మన రంగస్థల పద్యాల రికార్డులు విన్నవారికి ఈ ఇరుకు తెలుసు. నాటకంలో రాగం తీసి తీసి పాడే పద్యం ప్లేటు మీద గబగబా ముగిసిపోతుంది. జాజ్‌లోనూ అంతే. వేదిక మీద పదేసి నిమిషాలు సాగగల రచన రికార్డు మీద మూడు నిమిషాలకు కుదించుకుపోయింది. రికార్డును మాత్రమే వినేవారు ఆ సంగీతం సహజంగానే పొట్టిదనుకునే ప్రమాదం ఉంది.

డిసెంబరు 30న ‘మాంటెకా’ ముద్రించారు. స్పానిష్‌లో ఆ మాటకు పందికొవ్వు అని అర్థం. దీని నిర్మాణం గమనించదగినది. కింద బేస్ ఒక చిన్న వరసను పదేపదే వాయిస్తుంది. దాని మీద కాంగా, ఆపైన ఒకదాని మీద ఒకటిగా శాక్సోఫోన్లు, ట్రాంబోన్లు, ట్రంపెట్లు పేరుస్తూ వస్తాయి. ఈ అల్లిక పోజోది. అతడు నోటితో పాడి ఒక్కొక్కరి వరసా చెబితే ఫుల్లర్ రాసుకున్నాడు. అంతా ఇలాగే సాగితే విసుగు వస్తుందని గిలెస్పీ మధ్యలో 16 ఆవర్తాల మెలొడీ చేర్చాడు. అక్కడికి వచ్చేసరికి తాళం నడక మారి అమెరికన్ జాజ్ అవుతుంది, తరవాత మళ్లీ క్యూబాకు తిరిగి వెళుతుంది. రెండు సంగీతాలు పూర్తిగా కలిసిపోలేదు, ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డాయి. అతుకు స్పష్టంగా వినిపిస్తుంది. ‘ఆఫ్రో-క్యూబన్ జాజ్ సమ్మేళనం’ అని పాఠ్యపుస్తకాల్లో చదివి ఊరుకోకుండా ఆ అతుకును మీ చెవులతో వినడం ముఖ్యం.

ఇప్పుడు తేదీలు చూడండి. ఒకే డిసెంబరులో ఇంత హడావిడిగా ఎందుకు ముద్రించారు? 1948 జనవరి 1 నుంచి సంగీతకారుల సమాఖ్య రెండో నిషేధం మొదలవుతుందని ముందే ప్రకటించింది. కంపెనీలన్నీ సంవత్సరం ముగిసేలోగా గోదాములు నింపుకోవాలని చూశాయి. నిషేధం 1948 డిసెంబరు 14న ముగిసింది. అదే నెల 2వ తేదీన, అంటే సరిగ్గా పన్నెండు రోజుల ముందు, హార్లెమ్‌లోని ఒక మద్యశాలలో పోజోను కాల్చి చంపారు. అతనికి 33 ఏళ్లు. గిలెస్పీ బృందంతో అతని స్టూడియో ముద్రణలన్నీ 1947 డిసెంబరులోని ఆ రెండు రోజులవే. పారిస్ కచేరీ, 1948 జూలైలో కాలిఫోర్నియాలోని పాసడీనాలో జరిగిన కచేరీ వంటివి ఎవరో ముద్రించి ఉంచబట్టి మనకు ఇంకొంత దక్కింది. నిషేధం ముగిశాక డిసెంబరు 29న బృందం మళ్లీ స్టూడియోలో అడుగుపెట్టి, పోజో పేరు కూడా రచయితగా ఉన్న ‘గ్వారాచీ గ్వారో’ను వాయించింది. కాంగా మీద చేతులు వేరొకరివి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1947 డిసెంబరు ముద్రణలు అంత దగ్గరదగ్గరగా జరగడానికి సంగీతంతో సంబంధం లేని కారణం ఏమిటి? ఒక రాజు పాలనాకాలంలోని శాసనాలన్నీ ఒకే సంవత్సరానివి అయితే మీరు ఏ ప్రశ్నలు అడుగుతారో ఆలోచించి, ఐదారు వాక్యాల్లో జవాబు రాయండి.

డబ్బు లెక్క

పత్రికలు పొగిడాయి, ఐరోపాలో 1948 నాటి పర్యటన గొప్ప పేరు తెచ్చింది. అయినా బృందం 1950లో ఎందుకు మూతపడింది? కారణం సంగీతంలోకన్నా బయటే ఎక్కువగా ఉంది. 1946 చివరిలోనే బెన్నీ గుడ్‌మన్, టామీ డోర్సీ, వుడీ హెర్మన్ వంటి పేరున్న నాయకులు కొద్ది వారాల తేడాలో తమ బృందాలను రద్దుచేశారు. 17 మంది జీతాలు, బస్సు, బస, దుస్తులు భరించగల నృత్యశాలలు తగ్గిపోతున్నాయి. 1944లో కేంద్ర ప్రభుత్వం నృత్యం, గానం ఉన్న వినోదశాలల మీద పన్ను వేసింది. అది 30 శాతంతో మొదలై 20 శాతానికి తగ్గింది. ఆడకుండా, పాడకుండా కేవలం వాద్యసంగీతం వినిపించే చోట్లకు ఆ పన్ను లేదు. దాంతో చిన్న క్లబ్బు, చిన్న బృందం, కూర్చుని వినే శ్రోత అన్నది లాభసాటి అయింది. బీబాప్ ఎదగడానికి, బీబాప్ బిగ్‌బ్యాండ్ బతకలేకపోవడానికి కూడా ఈ పన్ను తోడ్పడిందన్నమాట.

1949లో కాపిటల్ కంపెనీకి మారాక వచ్చిన రికార్డుల్లో ఈ ఒత్తిడి వినబడుతుంది. పాటలు పెరిగాయి, హాస్యం పెరిగింది, వేగం తగ్గింది. జనం ఆడగలిగేలా ఉండాలని కంపెనీ కోరిక. వీటిని నేను ఇష్టంగా వినలేను, కాని ఆధారాలుగా వాటికి విలువ ఉంది. శాక్సోఫోన్ వరసలో, ఆల్టో వాయిస్తూ, ఎవరూ గుర్తించని ఒక యువకుడు ఉన్నాడు: జాన్ కోల్ట్రేన్. పదేళ్ల తరవాత జాజ్ దిశనే మార్చిన మనిషి. భార్య లొరేన్ ఇక ఈ బృందమో, కుటుంబమో తేల్చుకోమన్నదని, అప్పుడు రద్దుచేశానని గిలెస్పీ తరవాత చెప్పుకున్నాడు.

ఈ మధ్యకాలంలోనే, 1953 జనవరి 6న, లొరేన్ పుట్టినరోజు విందులో ఎవరో స్టాండు మీదున్న ట్రంపెట్‌పై పడ్డారు. దాని మూతి పైకి వంగిపోయింది. వాయించి చూస్తే ధ్వని తన చెవికే ముందుగా చేరుతున్నట్లు అనిపించి, ఇకపై అలాగే చేయించుకున్నాడు. ఇది మీకు పనికివచ్చే కాలనిర్ణయ సూత్రం. గిలెస్పీ ఫోటోలో బాకా తిన్నగా ఉంటే అది దాదాపు తప్పకుండా 1953కు ముందుది. మూతి 45 డిగ్రీలు పైకి లేచి ఉంటే తరవాతిది. పాత రికార్డులను తిరిగి అమ్మేటప్పుడు కంపెనీలు అట్ట మీద వంగిన బాకా బొమ్మ వేసి, లోపల 1946 సంగీతం పెట్టడం మామూలే. అట్టను చూసి ప్లేటుకు తేదీ కట్టకండి.

రాజ్యం ఖర్చుతో: 1956 పర్యటన

ఆరేళ్ల తరవాత బిగ్‌బ్యాండ్ మళ్లీ వచ్చింది. ఈసారి ఖర్చు అమెరికా విదేశాంగ శాఖది. ప్రచ్ఛన్నయుద్ధంలో సోవియట్ యూనియన్ తన బాలే బృందాలను ప్రపంచమంతా పంపుతోంది. అమెరికాలో నల్లవారిని ఎలా చూస్తున్నారో కూడా అది ప్రచారం చేస్తోంది. ఆ ప్రచారానికి అబద్ధాలు అక్కరలేదు. 1955 ఆగస్టులో మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల బాలుణ్ణి చంపారు. డిసెంబరులో మాంట్గొమరీ బస్సుల బహిష్కరణ మొదలైంది. జాజ్ కళాకారులను రాయబారులుగా పంపాలని హార్లెమ్ ప్రతినిధి ఆడమ్ క్లేటన్ పవెల్ ప్రభుత్వాన్ని ఒప్పించాడు. మొదటగా ఎంపికైంది గిలెస్పీ.

సంగీత దర్శకత్వం యువకుడైన క్విన్సీ జోన్స్‌కు అప్పగించారు. బృందంలో నల్లవారూ తెల్లవారూ ఉన్నారు, ట్రాంబోన్ వాయించే మహిళ మెల్బా లిస్టన్ ఉంది. ఆమె చేరికపై మగవాళ్లు గొణిగారు. ఆమె రాసుకొచ్చిన కూర్పులను వాయించడానికి ప్రయత్నించి, తడబడి, నోరు మూసుకున్నారు. ప్రయాణానికి ముందు విదేశాంగ శాఖ ఇచ్చే ఉపదేశ సమావేశానికి గిలెస్పీ వెళ్లలేదు. ఆ విషయంలో తన జాతికి మూడు వందల ఏళ్లుగా శిక్షణ దొరుకుతూనే ఉందని, ఎక్కడా దేశం తరపున సాకులు చెప్పబోనని అతని వైఖరి.

1956 మార్చిలో ఇరాన్‌లోని చమురు పట్టణం అబాదాన్‌లో మొదలై, ఢాకా, కరాచీ, బీరూట్, డమాస్కస్, అలెప్పో, అంకారా, ఇస్తాంబుల్, బెల్‌గ్రేడ్, జాగ్రెబ్, ఏథెన్స్ మీదుగా పర్యటన సాగింది. ఈ జాబితాను పటం మీద గుర్తించండి. ఇరాన్, పాకిస్తాన్, టర్కీ మూడూ 1955 నాటి బాగ్దాద్ ఒప్పందంలో సభ్యదేశాలు. బృందం ఢాకాలోను, కరాచీలోను వాయించింది, మధ్యలో ఉన్న భారతదేశంలో వాయించలేదు. జాజ్ రాయబారం మన దేశానికి తరవాత వచ్చింది. 1963లో డ్యూక్ ఎలింగ్టన్ బృందం హైదరాబాద్‌లో కూడా వాయించింది. అంకారాలో పెద్దల కోసం ఏర్పాటుచేసిన తోట విందులో, గోడ అవతల నిలబడిన పేద పిల్లలను లోపలికి రానిస్తేనే వాయిస్తానని గిలెస్పీ పట్టుబట్టాడు. సైప్రస్ సమస్యపై అమెరికా మీద కోపంతో ఉన్న ఏథెన్స్ విద్యార్థులు కచేరీ ముగిశాక అతన్ని భుజాల మీద మోశారు.

బృందం విదేశాల్లో ఉండగానే, ఏప్రిల్ 10న, అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి గాయకుడు నాట్ కింగ్ కోల్‌పై తెల్లజాతి దురహంకారులు వేదిక మీదనే దాడిచేశారు. అమెరికా స్వేచ్ఛకు ప్రతినిధిగా ఒక నల్లజాతి కళాకారుణ్ణి ఒక చోట సన్మానిస్తుంటే, అదే వారాల్లో స్వదేశంలో మరొకణ్ణి వేదిక మీద పడదోశారు. ఈ రెండు వార్తలను కలిపి చదవకుండా 1956 పర్యటనను అర్థంచేసుకోలేము.

ఇక రికార్డులు. ఈ బృందం ముద్రణలను నార్మన్ గ్రాంజ్ తన కంపెనీల నుంచి ‘వరల్డ్ స్టేట్స్‌మన్’, ‘డిజీ ఇన్ గ్రీస్’ అనే ఎల్.పి.లుగా విడుదల చేశాడు. రెండో దాని అట్ట మీద గిలెస్పీ గ్రీకు సంప్రదాయ దుస్తుల్లో కనిపిస్తాడు. సంగీతం మాత్రం గ్రీస్‌లో ముద్రించినది కాదు, న్యూయార్క్ స్టూడియోలో ముద్రించినది. పరీక్షల్లో కూడా ఈ తప్పు కనిపిస్తూ ఉంటుంది కనుక మళ్లీ చెబుతున్నాను: అట్ట వేరు, ప్లేటు వేరు. ఈ పేరును మోసం అనడం కన్నా వ్యాపారం అనడం సరైనది. రాయబారిగా వచ్చిన పేరును కంపెనీ సొమ్ము చేసుకుంది. పర్యటన ఖర్చుపై లూసియానా సెనేటర్ అలెన్ ఎలెండర్ వంటివారు కాంగ్రెసులో ధ్వజమెత్తుతున్న రోజుల్లో, ఆ ఎల్.పి.లు ఒక రకంగా జవాబు కూడా.

సంగీతం మారింది. పర్యటన కచేరీల్లో మొదటి భాగం, జాజ్ చరిత్ర పండితుడు మార్షల్ స్టెర్న్స్ తోడ్పాటుతో, ఆఫ్రికా డప్పుల నుంచి స్వింగ్ వరకు నల్లజాతి సంగీత చరిత్రను వినిపించే పాఠంలా ఉండేది. రెండో భాగమే బృందం అసలు సంగీతం. రికార్డుల్లో ఈ రెండో భాగమే ఎక్కువగా మిగిలింది. ఎర్నీ విల్కిన్స్ ‘డిజీస్ బిజినెస్’, క్విన్సీ జోన్స్ ‘జెసికాస్ డే’, మెల్బా లిస్టన్ కూర్చిన ‘మై రెవెరీ’ వినండి. 1946 నాటి తొట్రుపాటు ఎక్కడా లేదు. ఒక్కొక్కరూ తమ పని తెలిసిన మనుషులు. కాని ‘థింగ్స్ టు కమ్’లో ఉన్న, ఏ క్షణాన కూలుతుందో తెలియని ఉద్వేగమూ లేదు. ఏది మేలు అని అడిగితే నేను 1946 వైపే మొగ్గుతాను. మీరు రెండూ విని ఒప్పుకోకపోతే సంతోషం.

న్యూపోర్ట్, ఆ తరవాత

1957 జూలై 6న న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో ముద్రించిన కచేరీని ఈ రెండు కాలాలకూ వంతెన అనవచ్చు. అంతకు ముందు ఏడాది జూన్ 26న కారు ప్రమాదంలో మరణించిన ట్రంపెట్ విద్వాంసుడు క్లిఫర్డ్ బ్రౌన్ స్మృతిగా బెన్నీ గోల్సన్ రాసిన ‘ఐ రిమెంబర్ క్లిఫర్డ్’ను ఇందులో గిలెస్పీ వాయించాడు. వెనక ట్రంపెట్ వరసలో లీ మోర్గన్ ఉన్నాడు. పందొమ్మిదేళ్లు నిండడానికి నాలుగు రోజులు తక్కువ. ‘కూల్ బ్రీజ్’లో నాయకుడి సోలో ఎక్కేకొద్దీ ఎక్కుతుంది. ‘మాంటెకా’ కూడా ఉంది. పదేళ్ల కిందటి మూడు నిమిషాల ప్లేటుతో పోల్చి చూడండి. పోజో లేడు, అతని బేస్ వరస ఉంది. తరవాతి కాలపు వేదిక ప్రదర్శనల్లో గిలెస్పీ ఈ రచన మొదట్లో, తాను ఎన్నటికీ జార్జియా రాష్ట్రానికి తిరిగి వెళ్లనని బృందం చేత వంత పాడించేవాడు. 1947 స్టూడియో ప్లేటులో ఆ మాటలు లేవు. దక్షిణాదిలో అమ్ముడుపోవలసిన రికార్డులో ఏది చెప్పవచ్చు, వేదిక మీద ఏది చెప్పవచ్చు అన్న ప్రశ్నను ఇక్కడ మీరే వేసుకోండి.

విదేశాంగ శాఖ ఊతం లేకుండా బృందం ఎక్కువ కాలం నిలవలేదు, 1958 జనవరిలో రద్దయింది. గిలెస్పీ తరవాత కూడా అప్పుడప్పుడు పెద్ద బృందాలను కూర్చాడు. 1956 వేసవిలో దక్షిణ అమెరికా పర్యటనలో బ్యూనస్ ఎయిరిస్‌లో కలిసిన లాలో షిఫ్రిన్ రాసిన ‘గిలెస్పియానా’ను 1960లో ముద్రించాడు. 1988లో యునైటెడ్ నేషన్ ఆర్కెస్ట్రా పేరుతో క్యూబా, బ్రెజిల్, పనామా వంటి దేశాల విద్వాంసులను ఒక బృందంగా చేర్చాడు. మరుసటి ఏడాది లండన్‌లోని రాయల్ ఫెస్టివల్ హాలులో ఆ బృందం ఇచ్చిన కచేరీ ముద్రణకు గ్రామీ పురస్కారం వచ్చింది. 1993 జనవరి 6న, బాకా వంగి సరిగ్గా నలభై ఏళ్లు నిండిన రోజున, న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్‌లో మరణించాడు.